గైరాన్ పచ్చబడ్డ చలికాలం

జనవరిలో ఒక పొద్దున నీలవేణి తను తయారుచేసిన కొత్త వరి నారు చూసుకోవడానికి రాజులమడుగుకు వచ్చింది. పొలిమేరలో జీపు దిగిన మనిషి నారుమళ్ల వైపు పోకుండా రోడ్డు మీదే నిలబడిపోయింది. ఎదురుగా గుట్ట కింద గైరాన్ పచ్చగా ఉంది.

ఊరి పశువులన్నీ మేసే ఉమ్మడి బీడును నిర్మల్ వైపు పల్లెల్లో గైరాన్ అంటారు. చలికాలం నడిమికి వచ్చేసరికి అది ఎండిపోయి, పశువులు కొరికి వదిలిన గడ్డి మొదళ్లతో బోసిగా ఉంటుంది. ఇప్పుడు మాత్రం తొలకరి పడ్డాక ఎలా ఉంటుందో అలా ఉంది. వాన పడి రెండు నెలలు దాటింది. నల్లరేగడి అడుగున మిగిలిన తడి, పొద్దుటి మంచు తప్ప ఆ నేలకు వేరే నీరు అందలేదు. అయినా సన్నటి మొలకలు సందు లేకుండా లేచి ఉన్నాయి.

ఆ పచ్చిక నడుమ ఆమె అన్న బీరయ్య గొంగడి కప్పుకుని, గొర్లను మేపుతూ నిలబడి ఉన్నాడు. ఇది ఏమిటని ఆమె అడిగితే తనకేం తెలుసన్నాడు.

"బీరప్ప దయ నీలా. వారం సంది జీవాలకు కడుపు నిండుతున్నది. నువ్వు సదువుకున్నదానివి, నువ్వే చెప్పాలె."

చదువుకున్న నీలవేణికి ఏమీ అర్థం కాలేదు. ఏ గింజకైనా మొలవడానికి తన కాలం ఉంటుంది. గడ్డి గింజలు వానకూ వేడికీ మేలుకుంటాయి, చలికి పడుకుంటాయి. విత్తనాల నిద్ర గురించే పట్టా పుచ్చుకున్న మనిషి ఆమె. కాసేపు అక్కడే వంగి మొలకలను చూసి, ఈ ఏడు నేలలో తడి ఎక్కువగా మిగిలిందేమో అనుకుంది. ఆ సమాధానం తనకే సరిగ్గా అతకలేదు. కానీ నారుమడి దగ్గర ముత్యంరెడ్డి ఎదురుచూస్తున్నాడు. ఆమె అటు వెళ్లిపోయింది.

ముత్యంరెడ్డి ఊళ్లో పెద్ద రైతు. చలికి ఓర్చే వరిని మొదట తన పొలంలో వేయడానికి ఒప్పుకున్నవాడు. ఆ ప్రాంతంలో రబీ పంటగా వేసే యాసంగి వరికి చలి పెద్ద శత్రువు. డిసెంబరులో చల్లిన వడ్లు బురదలోనే మురిగిపోతాయి, లేదంటే ఎర్రబడి చస్తాయి. రైతులు రాత్రిళ్లు నారు మీద పట్టాలు కప్పుతారు, పొద్దున్నే బోరు నుంచి వెచ్చటి నీళ్లు పెడతారు, బూడిద చల్లుతారు. అన్నీ చేసినా సగం నారు పోతుంది. నీలవేణి చిన్నప్పటి నుంచి చూసిన కష్టం అది. గొర్ల కాపరుల ఇంట్లో పుట్టి, చదువుకుని, జిల్లాలోని ఒక విత్తన పరిశోధన సంస్థలో చేరిన నాటి నుంచీ ఆమె ఈ ఒక్క పని మీదే ఉంది.

గింజ లోపల దాన్ని నిద్రపుచ్చే పదార్థం ఒకటి ఉంటుంది. చలి తగిలితే ఆ నిద్ర ఇంకా గాఢమవుతుంది. మంచుకొండల అంచున పెరిగే ఒక అడవి గడ్డిలో మాత్రం అందుకు విరుద్ధంగా జరగడం ఆమె గమనించింది. ఆ గడ్డి గింజ చలి తగలగానే మరో పదార్థాన్ని తయారుచేసి, తన నిద్రను తానే విడగొట్టుకుంటుంది. ఆ పని చేయించే జన్యువును వెతికి పట్టుకుని వరిలోకి తేవడానికి పదేళ్లు పట్టింది. రైతులు దానికి చలివరి అని పేరు పెట్టుకున్నారు.

ఆ పొద్దున ముత్యంరెడ్డి నారుమడి చేత్తో నిమరాలనిపించేంత ఒత్తుగా ఉంది. కప్పిన పట్టా లేదు, చల్లిన బూడిద లేదు. అతను ఆమెకు ఇంట్లో చాయ్ ఇప్పించి, నువ్వు మా ఊరి ఆడపిల్లవని నలుగురికీ చెప్పుకున్నాడు. నాటు ముందే అయింది. వడగళ్ల వానలు మొదలయ్యేలోగా కోత కూడా అయిపోయింది. ఇంకో వింత కూడా జరిగింది. అతని పొలంలో ఆ ఏడు కలుపు అన్న మాటే లేదు. జనవరిలోనే కలుపు గింజలన్నీ మొలిచి, దమ్ములో మట్టికింద పడి కుళ్లిపోయాయి. రైతుకు అంతకంటే ఏం కావాలి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చి ఆ చేను చూసిపోయారు.

బీరయ్య కూడా సంతోషంగానే ఉన్నాడు. నడిచలిలో పచ్చిక మేసిన గొర్లు బలిశాయి. అతను బీరప్పకు మొక్కు చెల్లించి, బంధువులను పిలిచి భోజనాలు పెట్టాడు. నీలవేణి వచ్చి వదిన సాయవ్వ పక్కన కూర్చుని తిని వెళ్లింది.

ఫిబ్రవరి చివర గైరాన్ పచ్చదనం పసుపు తిరిగింది. ఆ మొక్కలు పూయలేదు, గింజ కట్టలేదు. ఎండ ముదిరేసరికి పొడిపొడి అయి గాలికి పోయాయి. ఎండాకాలంలో బీడు ఎండడం మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నీలవేణి కూడా పట్టించుకోలేదు.

జూన్‌లో మంచి వానలు పడ్డాయి. గైరాన్ నల్లగానే ఉండిపోయింది. పాత గరిక వేళ్లు ఉన్నచోట నాలుగు పోచలు లేచాయి, మిగతాదంతా ఉత్త మట్టి. పడిన నీరు నేలలోకి ఇంకకుండా మట్టిని కడిగి వాగులోకి తీసుకుపోయింది.

బీరయ్య ఫోన్ చేసి గడ్డి రాలేదని చెప్పాడు. వచ్చే యాసంగికి ఇరవై మండలాలకు చలివరి విత్తనం అందించే పనిలో ఆమెకు ఊపిరాడడం లేదు. వాన చాలలేదేమో అంది. వాన బాగానే పడిందని అతను అన్నాడు. ఇంకొన్నాళ్లు చూడమని చెప్పి ఫోన్ పెట్టేసింది. ఊళ్లో తలా ఒక కారణం చెప్పుకున్నారు. ఎవరో కలుపుమందు కొట్టారని కొందరు, మొక్కులో ఏదో లోపం జరిగిందని కొందరు. బీరయ్య ఆ రెండో మాట నమ్మి, ఇంకో పొట్టేలును కోశాడు. సాయవ్వకు, ఆమెతోపాటు కలుపు కూలికి పోయే ఆడవాళ్లకు ఆ వానాకాలం పిలుపు రాలేదు. పత్తి చేలు, సోయా చేలు కలుపు లేక ఊడ్చినట్టు ఉన్నాయి. రైతులు సంతోషించాలో భయపడాలో తెలియక చేల గట్ల మీద తిరుగుతున్నారని సాయవ్వ ఆడపడుచుకు ఫోన్‌లో చెప్పింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆకలితో ఉన్న మంద బీరయ్య అదిలింపు వినకుండా పక్కనే ఉన్న జొన్న చేనులో పడింది. లేత జొన్న పిలకలు మేసిన గొర్లు ఒక్కొక్కటే వణికి, కాళ్లు తన్నుకుంటూ కూలిపోయాయి. సాయంత్రం నీలవేణి వచ్చేసరికి చేను గట్టు పొడవునా కళేబరాలు పడి ఉన్నాయి. బీరయ్య చచ్చిన ఒక గొర్రె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అది ఏ రోగమని పశువుల డాక్టరును పదేపదే అడుగుతున్నాడు. రోగం కాదు, లేత జొన్నలో విషం ఉంటుందని డాక్టరు చెబితే అతనికి కోపం వచ్చింది.

"ఆ ముచ్చట నాకు ఎరుక లేదా. పుట్టి బుద్ధెరిగినకాడ నుంచి జీవాలను జొన్నల పడనియ్యలే. ఎన్నడూ అటు పోనివి ఇయ్యాల ఎందుకు పోయినయి?"

నీలవేణి అన్న ముఖం నుంచి చూపు తిప్పి గైరాన్ వైపు చూసింది. జనవరిలో అక్కడ నిలబడి తనకు తాను చెప్పుకున్న సమాధానం గుర్తొచ్చింది. నేలలో తడి ఎక్కువ మిగిలిందేమో. ఆ మాట అప్పుడే అతకలేదు. అతకకపోయినా వదిలేసి నారు చూడడానికి వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె గైరాన్‌లో నాలుగైదు చోట్ల మట్టి తవ్వి సంచుల్లో పోసుకుంది. గుట్ట ఎక్కి అవతలి వాలున కూడా అంతే మట్టి తీసుకుంది. ఆ వాలు కింద చలివరి వేసిన పొలాలు లేవు. అక్కడ గడ్డి మోకాలి ఎత్తున ఉంది. రెండు మట్టులనూ సంస్థలోని గాజుగదిలో పక్కపక్కనే ట్రేల్లో పోసి, నీళ్లు పెట్టి, వెచ్చగా ఉంచింది. గుట్ట అవతలి మట్టిలో కొద్దిరోజులకే రకరకాల మొలకలు లేచాయి. గైరాన్ మట్టి అలాగే ఉంది. దాన్ని నీళ్లలో కడిగి, జల్లెడ పట్టి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. ఖాళీ పొట్టులే కనిపించాయి. బతికున్న గింజ ఒక్కటి లేదు.

ఏ నేలైనా గింజలను ఒక్కసారిగా ఖర్చు చేసుకోదు. ఈ ఏడు కొన్ని మొలుస్తాయి, కొన్ని మట్టిలోనే పడుకుని వచ్చే ఏటికో, ఇంకో పదేళ్లకో లేస్తాయి. కరువు వచ్చినా, నిప్పు అంటుకున్నా మళ్లీ గడ్డి వచ్చేది ఆ పడుకున్న గింజల వల్లే. గైరాన్‌లో అవన్నీ ఒకే చలికాలంలో లేచిపోయాయి. లేచినవేవీ విత్తనం పెట్టలేదు.

ఎవరు లేపారన్నది తేలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆమె చల్లటి గదిలో చలివరి గింజలను నానబెట్టి, వాటికి కాస్త దూరంలో, గాలి తప్ప ఇంకేమీ తగలకుండా, గుట్ట అవతలి మట్టి పెట్టింది. ఆ చలిలోనే మట్టి నిండా మొలకలు వచ్చాయి. గింజ తన నిద్ర విడగొట్టుకోవడానికి తయారుచేసే పదార్థం ఆవిరిలా గాలిలోకి వస్తోంది. పొలాల మీద అది మంచుతో కలిసి కదిలి, పొద్దుటి తేమగా నేలకు దిగింది. తాకిన ప్రతి గింజనూ లేపింది. ఒత్తుగా చల్లిన చలివరి పలచగా చల్లినదానికంటే త్వరగా మొలుస్తుందని ఆమె ఏనాడో చూసింది. పక్క గింజ పక్క గింజను లేపుతుందని, అది మంచి గుణమని మురిసిపోయింది కూడా. కానీ ప్రయోగశాలలో వాడే మట్టిని ముందే ఆవిరి పట్టించి, అందులోని గింజలను చంపేస్తారు. అన్నేళ్ల ప్రయోగాల్లో చలివరి పక్కన లేపడానికి ఇంకో ప్రాణం లేదు.

సంస్థ అధిపతి డాక్టర్ సదాశివం కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన పెద్దమనిషి. నీలవేణి మీద నమ్మకంతో ఈ పనిని ఆమెకు అప్పగించినవాడు. ఆమె పిలిస్తే గాజుగదికి వచ్చి ట్రేలను చాలాసేపు చూశాడు. మొదట మట్టికి బూజు పట్టి ఉంటుందన్నాడు. ఆ పరీక్ష కూడా చేశానని ఆమె చూపించింది. తర్వాత, కలుపు లేకపోవడం రైతులకు వరమే కదా అన్నాడు. వాళ్లు ఈ విత్తనం కోసం ఎదురుచూస్తున్నారని, నారు పోయి దిగాలుపడిన ముఖాలను ఇద్దరమూ చూశామని గుర్తుచేశాడు. అది నిజమేనని ఆమె ఒప్పుకుంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మనం మేలు చేశామో కీడు చేశామో నాకు తెలియడం లేదమ్మా."

"నాకూ తెలియడం లేదు సార్. కానీ ఇంకో చలికాలం విత్తితే, తెలిసినా మనం చేయగలిగేది ఉండదు."

ఆయన మళ్లీ ట్రేల వైపు తిరిగాడు. ఆ వారంలోనే విత్తనం పంపిణీ ఆపేయమని రాసి పంపాడు. గోదాముల్లో ఉన్న చలివరి అంతా రైస్ మిల్లుకు పోయింది. బియ్యం చేస్తే ఇక మొలవదు. లారీలు గేటు దాటుతుంటే నీలవేణి కిటికీ దగ్గర నిలబడి చూసింది. తను చేసింది సరైన పనేనని ఆమెకు తెలుసు. అయినా చివరి లారీ కనుమరుగయ్యేదాకా అక్కడి నుంచి కదలలేదు.

ముత్యంరెడ్డి మాత్రం తన పంటలోంచి విత్తనానికని వడ్లు ఉంచుకున్నాడు. ఆమె వెళ్లి అడిగితే మొదట మండిపడ్డాడు.

"ఇచ్చింది నువ్వే, వద్దనేది నువ్వే. నేను ఎవరి మాట ఇనాలె?"

ఆ వానాకాలం అతని పొలం గట్లు మూడు చోట్ల తెగి, మడిలో నీళ్లు నిలవడం లేదు. ఆమె అతన్ని వాటి దగ్గరికి తీసుకుపోయి గట్టు మట్టిని చేతిలో పట్టుకుంటే అది ఇసుకలా జారిపోయింది. గడ్డి వేళ్లు లేని గట్టు వానకు ఎలా నిలుస్తుందని ఆమె అడిగింది. గడ్డి ఎందుకు లేదో మెల్లగా చెప్పుకొచ్చింది. అతను తెగిన గండిని, ఆమెను మార్చి మార్చి చూశాడు.

"నీ మాట నాకు సగమే సమజైంది," అన్నాడు చివరికి. "మిల్లుకు పంపుత తీ."

అన్నకు చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. బీరయ్య మిగిలిన మందను తోలుకుని గోదావరి దాటి మేత వెతుక్కుంటూ పోవడానికి సిద్ధమవుతున్నాడు. సాయంత్రం మంద దగ్గర ఆమె అతని పక్కన కూర్చుని జరిగినదంతా చెప్పింది. అతను అంతా విన్నాక, ఆ చలికాలం పచ్చికంతా నువ్వు లేపిందేనా అని అడిగాడు. అవునంది.

"ఆ నెల జీవాలు ఎంత మంచిగ మేసినయో. నేను బీరప్పకు మొక్కు చెల్లించిన." గొంగడి భుజం మీదికి సర్దుకున్నాడు. "ఇప్పుడు నిన్ను తిట్టాల్నా, దండం పెట్టాల్నా, నాకు సమజైతలేదు నీలా."

తెల్లారి ఆమె లేచేసరికి మంద లేదు. అతను చెప్పకుండానే వెళ్లిపోయాడు. సాయవ్వ ఆడపడుచు చేతికి చాయ్ ఇచ్చింది గానీ పక్కన కూర్చోలేదు.

గోదావరి అవతల మేసిన గొర్ల పెంటికల్లో, ఉన్నిలో, గిట్టల సందుల్లో అక్కడి గింజలు ఉంటాయి. ఆ సంగతి నీలవేణికి కొన్నాళ్ల తర్వాత తట్టింది. అన్నకు ఫోన్ చేసి, తిరిగి వచ్చాక మందను రైతుల చేలల్లో కాకుండా గైరాన్‌లో పెట్టమని అడిగింది. చేలో మంద పెడితే ఎరువుకు బదులుగా రైతులు ధాన్యం కొలిచి ఇస్తారు. ఉత్త బీడులో పెడితే వచ్చేదేమీ లేదు. బీరయ్య సరే అనలేదు, కాదనలేదు. కానీ దీపావళి దాటాక మంద ఊరికి వచ్చి గైరాన్‌లోనే ఆగిందని సాయవ్వ ఫోన్ చేసి చెప్పింది. పొద్దుకొకచోట తడికెలు మార్చి మార్చి పెడుతున్నాడట. నీకు పిచ్చి పట్టిందా అని ఊళ్లోవాళ్లు నవ్వితే పట్టించుకోవడం లేదట.

నవంబరులో తుఫాను వాన పడింది. తర్వాత గైరాన్‌లో మంద పడుకున్న చోటల్లా పచ్చటి చుక్కలు కనబడ్డాయని కబురు వచ్చింది. కబురు విన్న క్షణం నీలవేణికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆ వెంటనే భయం పట్టుకుంది. చలివరి వదిలిన ఆ పదార్థం ఎండాకాలం వేడికి నశించి ఉండాలి. నశించకపోతే? మట్టిలో ఇంకా మిగిలి ఉంటే, వచ్చిన గింజలను కూడా అది ఒక్కసారిగా లేపేసి ఉంటుంది. అప్పుడు ఈ పచ్చదనం పోయిన చలికాలపు పచ్చదనం లాంటిదే. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఆమె వెళ్లిన పొద్దున మంచు దట్టంగా ఉంది. బీరయ్య మంద పక్కన నిలబడి ఉన్నాడు. చెల్లెలిని చూసి తల ఊపాడు. ఆమె నేరుగా ఆ పచ్చటి చుక్కల దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చుంది. మొలకలను ముట్టుకోకుండా వాటి పక్కన మట్టిని వేళ్లతో తవ్వడం మొదలుపెట్టింది. ఒకచోట ఖాళీ పొట్టు దొరికింది. ఇంకోచోట కూడా అదే. వేళ్లు చలికి కొంకర్లు పోయాయి. అతను దగ్గరికి వచ్చి, మొలిచినవి పైన ఉంటే కింద ఏం దేవులాడుతున్నావని అడిగాడు.

"మొలవని గింజ కోసం అన్నా. ఒక్కటన్నా దొరకాలె."

పంట మొలవడానికి పదేళ్లు తపించిన మనిషి నోట ఆ మాట విని అతను ఆమె ముఖంలోకి చూశాడు. గొంగడి మడిచి నేల మీద వేసి, తనూ కూర్చుని తవ్వసాగాడు.

కాసేపటికి ఆమె చేతికి గొర్ల వెంట వచ్చిన పల్లేరుకాయ గుచ్చుకుంది. దాన్నుంచి ఒక మొలక పైకి పోయి ఉంది. పల్లేరుకాయ లోపల గదులుంటాయి, గదికి కొన్ని గింజలుంటాయి. బీరయ్య దగ్గరున్న చాకు అడిగి తీసుకుని, ఆమె కాయను జాగ్రత్తగా చీల్చింది. మొలక వచ్చిన గింజ పొట్టు ఖాళీగా ఉంది. దాని పక్క గింజ గట్టిగా, నిండుగా, కదలకుండా పడుకుని ఉంది. ఇంత వాన పడినా, ఈ మంచంతా తగిలినా అది లేవలేదు.

ఒక్క కాయతో ఏదీ తేలదని ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఆ గింజను అరచేతిలో పట్టుకుని ఏడ్చింది. బీరయ్య ఆమె వైపు చూసి, చాకు వెనక్కి తీసుకున్నాడు. తను తవ్విన చోట దొరికిన పల్లేరుకాయను బండ మీద పెట్టి మెల్లగా చీల్చి, మంచులోంచి వెలుతురు పడే వైపు తిప్పి పట్టుకుని, చాలాసేపు చూశాడు.

"ఇది గూడ పండుకునే ఉన్నది నీలా," అన్నాడు.